పూత చూసి చేసిన బేరం: ఒక ఆటల సంస్థ మరొక ఆటల సంస్థను కొన్నప్పుడు

మామిడి తోట బేరాలు రెండు రకాలని శ్రీనివాసపురం, కృష్ణగిరి వైపు నుంచి వచ్చే మా విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. తోటను భూమితో సహా కొనడం ఒక రకం. చెట్లను వాటి యజమానికే వదిలి, ఆ ఏటి కాపును మాత్రం గుత్తకు తీసుకోవడం మరొక రకం. ఈ రెండో దానిలో మళ్ళీ తేడాలున్నాయి. కాయ మీద కొనేవాడు కళ్ళకు కనిపించే సరుకుకు ధర కడతాడు. పూత మీద కొనేవాడు ఆశకు ధర కడతాడు. గాలివాన వచ్చినా, మంచు పట్టినా, పురుగు తగిలినా నష్టం వాడిదే. పూసిన పూతంతా కాయ కాదని తెలిసి కూడా కొంటాడు, ఎందుకంటే కాయ అయ్యేదాకా ఆగితే ధర పెరుగుతుంది, లేదా పక్కవాడు ముందే బయానా ఇచ్చేస్తాడు.

ఈ తేడాను మనసులో పెట్టుకుంటే, నేటి పత్రికల వాణిజ్య పుటల్లో తరచుగా కనిపించే ఒక రకం వార్త తేలికగా అర్థమవుతుంది. ఫలానా సెల్‌ఫోన్ ఆటల సంస్థ ఫలానా చిన్న స్టూడియోను ఇన్ని కోట్ల డాలర్లకు కొన్నది అన్నదే ఆ వార్త. మా విద్యార్థులలో చాలామంది ఒకవైపు తెలుగు చదువుతూ మరొకవైపు బెంగళూరు, చెన్నై, పుణె నగరాల కంప్యూటర్ సంస్థలలో ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారు. ఇటువంటి వార్తను వారు ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకుంటారు గాని, తెలుగులో చెప్పమంటే తడబడతారు. ఆ తడబాటు మాటల దగ్గరే ఆగడం లేదని, అసలు కొన్నది ఏమిటి, అమ్మింది ఎవరు అనే ప్రశ్న దగ్గర కూడా ఉందని మేము గమనించాం. అందుకే బాగా తెలిసిన ఒక ఉదంతాన్ని తీసుకొని, మొదటి నుంచి చివరిదాకా వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

మాటల సంగతి

ముందుగా మూడు మాటలు చూద్దాం. కొనుగోలు, స్వాధీనం, విలీనం అనే మూడింటినీ పత్రికలు ఒకదానికి బదులు మరొకటి వాడుతున్నాయి. విలీనం అంటే ఒకటి మరొకదానిలో కరిగిపోవడం, లేదా రెండూ కలిసి ఒకటి కావడం. స్వాధీనం అంటే తన అధీనంలోకి తెచ్చుకోవడం. పోలీసులు దొంగసొత్తును పట్టుకున్నప్పుడు కూడా ఈ మాటే వాడతాం కాబట్టి ఇందులో కొంత బలప్రయోగపు వాసన ఉంది. కొనుగోలు అన్నది అన్నిటికంటే నిష్పక్షపాతమైన మాట. ఇద్దరు ఒప్పుకొని, ధర కట్టి, కాగితం రాసుకుంటే అది కొనుగోలు. కొన్న తరువాత చిన్న సంస్థ పేరు నిలిచి ఉందా, పనివారు తమ చోటనే ఉన్నారా, లేక అంతా పెద్ద సంస్థలో కరిగిపోయిందా అన్నది చూసి, అప్పుడు విలీనం అనాలో వద్దో నిర్ణయించుకోవాలి.

నాలుగో మాట స్టూడియో. మన చెవికి ఈ మాట వినగానే మద్రాసు వాహినీ వంటి సినిమా స్టూడియోలు గుర్తుకు వస్తాయి. ఎకరాల కొద్దీ భూమి, పెద్ద పెద్ద ఫ్లోర్లు, దీపాలు, కెమెరాలు ఉన్న చోటు అది. సినిమాలు తీయడం ఆగిపోయినా అటువంటి స్టూడియోకు భూమి విలువైనా మిగులుతుంది. ఆటల స్టూడియో అలాంటిది కాదు. అద్దె భవనంలో ఒక అంతస్తు, కొన్ని కంప్యూటర్లు, పది మంది నుంచి వంద మంది దాకా ప్రోగ్రాములు రాసేవారు, బొమ్మలు గీసేవారు, ఆట నియమాలు కల్పించేవారు. సాయంత్రం అందరూ ఇంటికి వెళ్ళిపోతే ఆ అంతస్తులో మిగిలేది కుర్చీలు, కంప్యూటర్లు మాత్రమే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగిలిన కథంతా దాని నుంచే పుడుతుంది.

కొన్నవారు, అమ్మినవారు

మేము తీసుకున్న ఉదంతంలో కొన్న సంస్థ జింగా. 2007లో మార్క్ పింకస్ దీన్ని అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించాడు. 2009లో విడుదలైన ఫార్మ్‌విల్ అనే ఆటతో దాని పేరు ప్రపంచమంతటా తెలిసింది. ఫేస్‌బుక్‌లో పొలం దున్ని, విత్తనం వేసి, పంట కోసే ఆట అది. అయితే ఆ విజయంలోనే ఒక బలహీనత ఉంది. 2011లో జింగా ఆదాయంలో తొంభై శాతానికి పైగా ఫేస్‌బుక్ ద్వారానే వచ్చింది. పరాయి వాడి స్థలంలో అంగడి పెట్టుకున్నట్టు, స్థల యజమాని నియమాలు మారిస్తే వ్యాపారమే తలకిందులయ్యే పరిస్థితి. పైగా జనం కంప్యూటర్ ముందు నుంచి లేచి సెల్‌ఫోన్ వైపు మళ్ళుతున్న కాలం. 2011 డిసెంబరులో జింగా షేర్లు 10 డాలర్ల ధరకు బజారులోకి వచ్చాయి. అంటే అప్పటి నుంచి ప్రతి మూడు నెలలకు ఒకసారి లెక్కలు బయటపెట్టి, ఎదుగుతున్నామని షేర్లు కొన్నవారిని ఒప్పించవలసిన బాధ్యత వచ్చి పడింది.

అమ్మిన సంస్థ న్యూయార్కు నగరంలోని ఓఎమ్‌జీపాప్. 2006లో చార్లెస్ ఫోర్‌మన్ దీన్ని వేరే పేరుతో మొదలుపెట్టాడు. తరువాత డాన్ పోర్టర్ దానికి అధిపతి అయ్యాడు. అప్పటికి అందులో ఉన్నవారు సుమారు 40 మంది. దాదాపు ఆరేళ్ళ కాలంలో వారు ముప్పైకి పైగా ఆటలు చేశారు. వాటిలో ఏదీ పెద్దగా పేరు తేలేదు. పెట్టుబడి సొమ్ము అడుగంటుతున్న దశలో, 2012 ఫిబ్రవరిలో, డ్రా సమ్‌థింగ్ అనే ఆటను సెల్‌ఫోన్లకు విడుదల చేశారు.

ఆట చాలా సులువు. మూడు మాటలు ఇస్తారు, ఒకటి తేలిక, ఒకటి మధ్యస్థం, ఒకటి కష్టం. ఒక మాటను ఎంచుకొని దానికి తగిన బొమ్మను వేలితో తెర మీద గీయాలి. అవతలి మిత్రుడు ఆ బొమ్మను గీత గీతగా, గీసిన వరుసలోనే చూస్తాడు. కింద ఇచ్చిన పన్నెండు అక్షరాల నుంచి ఏరి ఆ మాటను కూర్చాలి. తరువాత గీయడం అతని వంతు. ఇద్దరూ ఒకే సమయంలో ఆడనక్కరలేదు, తీరిక దొరికినప్పుడు ఎవరి వంతు వారు ఆడవచ్చు. గెలుపు ఓటములు లేవు, ఇద్దరూ కలిసే నాణేలు సంపాదిస్తారు. ఆ నాణేలతో కొత్త రంగులు కొనవచ్చు. చాలకపోతే అసలు డబ్బు పెట్టి నాణేలు కొనవచ్చు. ఈ అమ్మకాలు, మధ్యలో వచ్చే ప్రకటనలు సంస్థకు ఆదాయం.

బొమ్మ గీసి పందెం వేసుకునే ఆట కొత్తదేమీ కాదు. కొత్తదనం అది పాకిన తీరులో ఉంది. ఒకరు ఆడాలంటే మరొకరిని పిలవాలి. పిలవబడినవాడు ఇంకొకరిని పిలుస్తాడు. ఆరేడు వారాలలో 3 కోట్ల 50 లక్షల ఫోన్లలోకి ఆట చేరింది. ఆటగాళ్ళు గీసిన బొమ్మలు వంద కోట్లు దాటాయి. ముప్పైకి పైగా ఆటల తరువాత చెట్టు ఒక్కసారిగా విరగబూసింది.

2012 మార్చి 21వ తేదీన జింగా ఓఎమ్‌జీపాప్‌ను కొన్నట్టు ప్రకటించింది. ధర సుమారు 18 కోట్ల డాలర్లు. ఇది కాక, పనివారు సంస్థను వదలకుండా ఉండేందుకు మరో 3 కోట్ల డాలర్ల దాకా కేటాయించినట్టు అప్పటి పత్రికలు రాశాయి.

కొన్నది ఏమిటి?

ఇక్కడ ఆగి లెక్క వేయడం అవసరం. 18 కోట్లను 40 మందితో భాగిస్తే మనిషికి 45 లక్షల డాలర్లు వస్తుంది. ఎంత గొప్ప పనివాడికైనా ఇది జీతం లెక్కన కట్టే ధర కాదు. అదే 18 కోట్లను 3 కోట్ల 50 లక్షల ఫోన్లతో భాగిస్తే ఫోనుకు 5 డాలర్లకు కాస్త పైన వస్తుంది. ఈ రెండో లెక్క వ్యాపారికి నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఒక్కొక్క ఆటగాడు రేపు, ఎల్లుండి, వచ్చే ఏడు కూడా ఆడుతూ ఉంటే 5 డాలర్లు రాబట్టడం అసాధ్యమేమీ కాదు. ఆ ‘ఉంటే’ అన్న మాట మీదనే బేరమంతా నిలిచింది.

ఇటువంటి కొనుగోలులో సాధారణంగా చేతులు మారేవి ఐదు. మొదటిది ఆట ప్రోగ్రాము, బొమ్మలు, సంగీతం, వాటి మీద కాపీరైటు. రెండవది ఆట పేరు, గుర్తు. మూడవది అప్పటికే ఆడుతున్నవారితో ఏర్పడిన సంబంధం. నాలుగవది సంస్థకు ఉన్న ఒప్పందాలు, అప్పులు, బకాయిలు. ఐదవది పనివారు.

మొదటి నాలుగింటిని కాగితం మీద రాసి అప్పగించవచ్చు. ఐదవదాన్ని అలా అప్పగించడం కుదరదు. మనిషిని అమ్మే హక్కు ఏ యజమానికీ లేదు. రేపటి నుంచి కొత్త యజమాని కింద పని చేస్తానని ప్రతి పనివాడూ వేరుగా ఒప్పుకోవాలి. అందుకే కొనుగోలుతో పాటు కొత్త ఉద్యోగ ఒప్పందాలు వస్తాయి. అందుకే పైన చెప్పిన 3 కోట్ల వంటి సొమ్మును ఒక్కసారిగా ఇవ్వకుండా, ఇన్నాళ్ళు పనిచేస్తే ఇంత అని విడతలుగా ఇస్తారు. ఈ రాబడిని తెలుగులో నిలుపుదల సొమ్ము అనవచ్చునని మా సూచన.

ఓఎమ్‌జీపాప్‌లో ఒక ప్రోగ్రామరు ఈ కొత్త ఒప్పందం మీద సంతకం చేయలేదు. కారణాలను ఆయన ఆ రోజుల్లోనే ఆటల తయారీదారుల పత్రికలో వివరంగా రాశాడు. తన సొంత వేళల్లో, తన సొంత పేరుతో ఆయన ఒక చిన్న ఆట చేసుకొని అమ్ముకుంటున్నాడు. అది తనదేనని పాత సంస్థ ఒప్పుకొని ఉంది. కొత్త ఒప్పందంలో కూడా ఆ మాట స్పష్టంగా రాయమని అడిగాడు. ఆ మాట రాలేదు. పెద్ద సొమ్ము కళ్ళ ముందు ఉన్నా ఆయన వెనక్కి తగ్గాడు. మిగిలిన సహోద్యోగులు సంతకం చేసినందుకు వారిని తప్పు పట్టనక్కరలేదు. ఆరేళ్ళ కష్టానికి దొరికిన ప్రతిఫలం అది. కాని కొనుగోలు అంటే ఏమిటో, అందులో ఏది అమ్ముడుపోతుందో, ఏది పోనవసరం లేదో తెలిసి నిర్ణయించుకున్నవాడిగా ఆ ఒక్కరి ఉదాహరణ విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

పూత రాలడం

కొన్న కొద్ది వారాలకే ఆటగాళ్ళ సంఖ్య తగ్గడం మొదలైంది. రోజూ ఆడేవారిలో మూడో వంతు ఒక్క నెలలోనే జారిపోయినట్టు లెక్కలు బయటికి వచ్చాయి. జింగా ఆటను పాడు చేసిందని కొందరు అన్నారు. మా అభిప్రాయంలో అంతకంటే సులువైన కారణమొకటి ఉంది. ఆ ఆట ఎంత వేగంగా పాకడానికి వీలుగా ఉందో, అంతే వేగంగా విసుగు పుట్టడానికీ వీలుగా ఉంది. మాటల పట్టిక పరిమితం. వచ్చిన మాటలే మళ్ళీ వస్తాయి. బొమ్మ గీయకుండా తెర మీద అక్షరాలే రాసి చూపించే చమత్కారం అందరికీ తెలిసిపోయింది. పైగా ఇద్దరు ఆడే ఆటలో ఒకరు మానేస్తే రెండోవారు కూడా మానేసినట్టే. గొలుసుకట్టుగా వచ్చినవారు గొలుసుకట్టుగానే వెళ్ళిపోయారు.

2012 అక్టోబరులో జింగా తన లెక్కల పుస్తకాలలో ఓఎమ్‌జీపాప్ విలువను తగ్గించి రాయవలసి వచ్చింది. ఇది ఎలా జరుగుతుందో వాణిజ్యశాస్త్రం చదవనివారి కోసం చెబుతాం. ఒక సంస్థను 18 కోట్లకు కొన్నప్పుడు ఆ సొమ్ము ఖర్చయిపోయినట్టు పుస్తకంలో రాయరు. దానికి బదులుగా ఆస్తి వచ్చినట్టు రాస్తారు. కుర్చీలు, కంప్యూటర్లు అందులో చాలా కొద్ది భాగం. ఆట హక్కులు, ఆటగాళ్ళ సంబంధం వంటివి కనిపించని ఆస్తులు. వీటన్నిటికీ ధర కట్టిన తరువాత కూడా మిగిలిన మొత్తాన్ని గుడ్‌విల్ అంటారు. తరువాత ఎప్పుడైనా, ఈ ఆస్తి మనం రాసుకున్నంత సంపాదించదు అని తేలితే, ఆ తేడాను నష్టంగా ఒప్పుకొని రాయాలి. జింగా అలా ఒప్పుకొన్న మొత్తం సుమారు 9 కోట్ల 50 లక్షల డాలర్లు. అంటే కొన్న ధరలో సగానికి పైగా ఏడు నెలలు తిరగకముందే పుస్తకాల నుంచి తుడిచివేశారు. 10 డాలర్ల ధరకు వచ్చిన షేరు ఆ ఏడాది చివరికి 3 డాలర్ల దిగువకు పడిపోయింది. దానికి ఇదొక్కటే కారణం కాదు, ఫేస్‌బుక్ ఆటల ఆదరణ తగ్గడం అంతకంటే పెద్ద కారణం.

2013లో డాన్ పోర్టర్ జింగాను విడిచాడు. అదే ఏడు వసంతంలో ఆటకు రెండో భాగం వచ్చినా పూర్వపు ఆదరణ తిరిగి రాలేదు. 2013 జూన్ 3న జింగా 520 మందిని, అంటే తన ఉద్యోగులలో సుమారు 18 శాతం మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. న్యూయార్కు కార్యాలయం మూతబడింది. దానితో ఓఎమ్‌జీపాప్ కథ ముగిసింది. కొన్న నాటి నుంచి పదిహేను నెలలు కూడా నిండలేదు.

తప్పు ఎక్కడ?

ఈ కథను చదివినవారు కొన్నవాడి తెలివితక్కువతనం అని నవ్వి ఊరుకోవచ్చు. అది సరికాదు. అంతకుముందు 2010 చివరలో జింగా టెక్సస్ రాష్ట్రంలోని న్యూటాయ్ అనే చిన్న స్టూడియోను సుమారు 5 కోట్ల 30 లక్షల డాలర్లకు కొన్నది. ఆ స్టూడియో చేసిన వర్డ్స్ విత్ ఫ్రెండ్స్ అనే మాటల కూర్పు ఆట తరువాత ఎన్నో ఏళ్ళపాటు ఆదరణ పొందింది. దాని స్థాపకులైన బెట్‌నర్ సోదరులు 2012లో వెళ్ళిపోయినా ఆట నిలిచింది. కాబట్టి చిన్న స్టూడియోను కొనడమే తప్పు అని చెప్పడానికి వీలులేదు. ఒక ఆట చదరంగంలాగా ఏళ్ళ తరబడి ఆడించేదా, లేక తిరునాళ్ళలో రంగులరాట్నంలాగా రెండుసార్లు ఎక్కి దిగేదా అన్నది ఆరు వారాల లెక్కలు చూసి చెప్పలేము. న్యూటాయ్ ఆటను కొనే నాటికి అది బజారులోకి వచ్చి ఏడాది దాటింది. అది పిందె మీద చేసిన బేరం. రెండోది పూత మీద చేసిన బేరం.

ఇంకొక కారణం కూడా ఉంది. ఓఎమ్‌జీపాప్‌లో నిజంగా విలువైనది ఆ ఒక్క ఆట మాత్రమే కాదు. ముప్పైకి పైగా ఆటలు చేసి, అవి నిలవకపోయినా కలిసి ఉండి, మళ్ళీ ఒకటి చేయగలిగిన జట్టు అది. చెట్టు అంటే ఆ జట్టు. తరువాతి కాపు రావాలంటే చెట్టుకు కావలసిన సమయం, స్వేచ్ఛ ఇవ్వాలి. షేర్ల బజారుకు ప్రతి మూడు నెలలకూ లెక్క చెప్పవలసిన సంస్థకు అంత ఓపిక లేకపోయింది.

జింగా ఈ అనుభవం నుంచి కొంత నేర్చుకున్నట్టే కనిపిస్తుంది. 2014లో ఇంగ్లండులోని నేచురల్‌మోషన్‌ను 52 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నప్పుడు కొంత నగదుగా, కొంత షేర్ల రూపంలో చెల్లించింది. 2018లో ఇస్తాంబుల్ నగరంలో కార్యాలయమున్న గ్రామ్ గేమ్స్‌ను 25 కోట్లకు కొని, తరువాతి ఏళ్ళ లాభాలను బట్టి మరికొంత ఇస్తామన్నది. అదే ఏడాది చివర ఫిన్లాండులోని స్మాల్ జయింట్ గేమ్స్‌లో 80 శాతం వాటాను మాత్రమే 56 కోట్లకు తీసుకుంది. మిగిలిన 20 శాతాన్ని మూడేళ్ళలో, అప్పటి లాభాలకు తగిన ధరకు కొంటామని ఒప్పందం. 2020లో టర్కీకే చెందిన పీక్ సంస్థకు 180 కోట్ల డాలర్లు ఇచ్చింది. గ్రామ్, స్మాల్ జయింట్ ఒప్పందాలలో సొమ్ములో కొంత భాగం కాపు చూసిన తరువాతే చేతికి వస్తుంది. ఆ లాభాలు తెచ్చే బాధ్యత ఆయా జట్లదే కాబట్టి వాటిని తమ ఊళ్ళలో, తమ పద్ధతిలో పని చేసుకోనివ్వక తప్పదు.

చివరికి కొనేవాడు కూడా అమ్ముడుపోయాడు. 2022 మేలో న్యూయార్కుకే చెందిన టేక్‌టూ అనే సంస్థ సుమారు 1,270 కోట్ల డాలర్లకు జింగాను కొన్నది. ఫేస్‌బుక్‌లో మొదట వచ్చిన ఫార్మ్‌విల్ అప్పటికే, 2020 డిసెంబరు 31న, మూతబడింది. ఇతర పెద్ద పేర్లదీ ఇదే వరస. కాండీ క్రష్ చేసిన కింగ్ సంస్థను 2016లో యాక్టివిజన్ బ్లిజర్డ్ కొంటే, 2023లో ఆ యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది.

బెంగళూరు దాకా వచ్చిన కొమ్మ

ఇదంతా అమెరికా కథ, మనకెందుకు అనిపించవచ్చు. కాని ఈ చెట్టు కొమ్మ ఒకటి మన మధ్యకు వచ్చింది. జింగా 2010లో బెంగళూరులో కార్యాలయం తెరిచింది. అక్కడ పనిచేసి బయటికి వచ్చిన కొందరు 2013లో ఆ నగరంలోనే మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ అనే సొంత స్టూడియో పెట్టారు. తీన్‌పత్తీ గోల్డ్, లూడో క్లబ్ అనే వారి ఆటలు దేశమంతటా ఆదరణ పొందాయి. తెలుగువారికి మరింత దగ్గరి సంగతి ఏమిటంటే, 2017లో వచ్చిన బాహుబలి సెల్‌ఫోన్ ఆటను చేసింది కూడా ఈ స్టూడియోయే. మన సినిమా మాహిష్మతి కర్ణాటక రాజధానిలో ఆటగా మారింది. 2021లో స్వీడన్‌కు చెందిన స్టిల్‌ఫ్రంట్ అనే సంస్థ మూన్‌ఫ్రాగ్‌లో 91 శాతం వాటాను సుమారు 9 కోట్ల డాలర్లకు కొన్నది.

ఈ వరుసలో ఒక విషయం గమనించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థ బెంగళూరులో జీతమిచ్చి పని చేయించుకుంది. ఆ పనివల్ల పుట్టిన ప్రోగ్రాములన్నీ దానివే. కాని ఆట ఎలా కూర్చాలి, ఆటగాడు ఎక్కడ విసుగు చెందుతాడు, పదిమందిని కలిపి పని ఎలా నడపాలి అనే నేర్పు మాత్రం మనుషులతో పాటు గడప దాటింది. షోలాపురంలో స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు. మగ్గం యజమానిది కావచ్చు, నూలు యజమానిది కావచ్చు, నేసిన చీర కూడా యజమానిదే కావచ్చు. నేత మాత్రం నేసినవాడితోనే ఇంకో ఊరు వెళ్తుంది.

విద్యార్థులు తెలుసుకోవలసింది

ఇక చట్టం సంగతి. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలో సాహిత్య కృతి అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా చేరి ఉన్నాయి. తెలుగు చదివే మన విద్యార్థులకు ఇది ఆసక్తి కలిగించే సంగతి. చట్టం దృష్టిలో కావ్యం రాసినవాడు, ఆట ప్రోగ్రాము రాసినవాడు ఒకే వరుసలోని కర్తలు. అయితే అదే చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ ఒప్పందం కింద, ఉద్యోగంలో భాగంగా చేసిన కృతికి మొదటి హక్కుదారు యజమాని, వేరే ఒప్పందం రాసుకొని ఉంటే తప్ప. చివరి ఆ మాటలే ముఖ్యం. ‘వేరే ఒప్పందం రాసుకొని ఉంటే తప్ప’ అని చట్టమే తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపు తట్టవలసింది మనమే.

కాబట్టి ఉద్యోగంలో చేరేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఆఫీసు వేళలకు బయట, నా సొంత పరికరాల మీద నేను చేసుకొనే పని ఎవరిది? సంస్థ చేతులు మారితే నాకు ఇస్తామన్న షేర్లు, నిలుపుదల సొమ్ము ఏమవుతాయి? కొత్త యజమాని వచ్చినప్పుడు పాత ఒప్పందంలోని హామీలు నిలుస్తాయా, లేక మళ్ళీ సంతకం చేయాలా? ఈ మూడింటికీ జవాబు నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. అడగడం అమర్యాద అవుతుందేమోనని జంకే పిల్లలను మేము చాలామందిని చూశాం. పెద్ద నగరంలో మొదటి ఉద్యోగం, ఇంట్లో ఎదురుచూసే తల్లిదండ్రులు, ఆ జంకు మాకు అర్థమవుతుంది. కాని బేరంలో ఆఖరి మాటదాకా చదివి సంతకం పెట్టడం అమర్యాద కాదు.

పూత మీద కొన్న గుత్తదారుకు నష్టం వస్తే వచ్చే ఏడు ఇంకో తోట చూసుకుంటాడు. పుస్తకంలో 9 కోట్లు కొట్టివేసిన సంస్థ తరువాత 180 కోట్లు పెట్టి మరొకదాన్ని కొన్నది. న్యూయార్కులో మూతబడిన కార్యాలయం నుంచి ఒక జూన్ రోజున బయటికి వచ్చినవారికి మిగిలినవి తమ నేర్పు, ఒప్పందంలో తమకు రాసి ఉన్నంత సొమ్ము. అందుకే కొనుగోలు వార్త చదివినప్పుడు ధర ఎంత అన్నదానితో ఆగకుండా, పూతను కొన్నారా చెట్టును కొన్నారా, చెట్టుకు నీళ్ళు పోసేదెవరు అని కూడా అడగడం అలవాటు చేసుకోవాలి.

చివరగా ఒక మనవి. ఈ వ్యాసంలో గుత్త, బయానా, నిలుపుదల సొమ్ము వంటి మాటలు వాడాం. కాపును ముందుగా కొనే బేరానికి హోసూరు, కోలారు, బరంపురం, యానాం ప్రాంతాల తెలుగులో వేరే మాటలు ఉండవచ్చు. మీ ఇళ్ళలో పెద్దలను అడిగి, ఏ బేరానికి ఏ మాట వాడతారో మాకు రాసి పంపండి. కొత్త వ్యాపారాలకు కావలసిన పదాలు కొన్ని మన పాత తోటల్లోనే దొరుకుతాయని మా నమ్మకం.